టకటకలాడే మీటా... మెత్తని మీటా?

బ్యాంకు కౌంటరు ముందు నిలబడ్డప్పుడు ఎప్పుడైనా గమనించారా? అద్దం అవతల గుమాస్తా వేళ్లు కదులుతుంటే రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు టక్‌... టక్‌... టక్‌మని చప్పుడు. అదే మన ఇంట్లో కంప్యూటరు మీద అబ్బాయి గంటసేపు ప్రాజెక్టు వర్కు చేసినా పక్కగదిలోకి వినపడదు. రెండూ కీబోర్డులే. రెండింటి మీదా అవే అక్షరాలు, అదే వరస. తేడా అంతా మీట కింద ఉంది.

మొన్నమొన్నటిదాకా ఈ తేడాను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కంప్యూటరు కొంటే దాంతోపాటు వచ్చిందే కీబోర్డు. పాడైతే నాలుగైదొందలు పెట్టి ఇంకోటి. ఇప్పుడలా కాదు. 'గేమింగ్‌కి మెకానికల్‌ కీబోర్డు కావాలి నాన్నా' అని ఇంజినీరింగ్‌ చదివే కుర్రాడు అడుగుతాడు. ధర చూస్తే రెండు వేల నుంచి మొదలై పాతిక వేలదాకా పోతోంది! రోజంతా టైపు చేసి బతికే డీటీపీ ఆపరేటరుకూ అదే సందేహం... అంత డబ్బు పెడితే నిజంగా ఏమైనా ఒరుగుతుందా అని. తేల్చుకోవాలంటే ముందు మీట పైకెత్తి చూడాలి.

రబ్బరు బుడిపె... ఉక్కు స్ప్రింగు

మామూలు కీబోర్డును 'మెంబ్రేన్‌' రకం అంటారు. మెంబ్రేన్‌ అంటే పల్చటి పొర. దీని లోపల మూడు ప్లాస్టిక్‌ పొరలుంటాయి. పై పొర మీదా కింది పొర మీదా కరెంటు పారే గీతలు ముద్రించి ఉంటాయి. ఆ రెండూ ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో ఇంకో పొర. దానికి ప్రతి మీట కిందా ఓ రంధ్రం. ఈ మూడింటి మీదా బోర్లించిన గిన్నెల్లా రబ్బరు బుడిపెలు. మీట నొక్కగానే బుడిపె అణుగుతుంది. పై పొర ఆ రంధ్రంలోంచి కింది పొరను తాకుతుంది. అక్షరం పడుతుంది. వేలు తీయగానే బుడిపె మళ్లీ పైకి లేస్తుంది. ల్యాప్‌టాప్‌ మీటలూ చాలావరకు దీని చుట్టాలే. కాకపోతే అక్కడ మీట నిటారుగా దిగేందుకు కత్తెర ఆకారంలో చిన్న ఆధారం ఉంటుంది.

మెకానికల్‌ సంగతి వేరు. ఇందులో ప్రతి మీటకూ విడిగా ఒక స్విచ్చి. నూట నాలుగు మీటలుంటే నూట నాలుగు స్విచ్చిలన్నమాట. ఒక్కోదాంట్లో ఓ స్ప్రింగు, కిందికీ పైకీ జారే ఓ ప్లాస్టిక్‌ కాడ, రెండు లోహపు రేకులు. కాడ కిందికి దిగుతూ రేకులు ఒకదాన్నొకటి తాకేలా చేస్తుంది. అంతే!

అసలు కిటుకు ఎక్కడంటే... రబ్బరు రకంలో మీటను దాదాపు అడుగుదాకా నొక్కితేనే అక్షరం పడుతుంది. మెకానికల్‌లో అంత అక్కర్లేదు. మామూలు స్విచ్చిలో మీట నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. కానీ రెండు మిల్లీమీటర్లు దిగేసరికే పనైపోతుంది. అలవాటైన వేలు సగంలోనే వెనక్కి వచ్చేస్తుంది. రోజుకు వేలకొద్దీ మీటలు నొక్కేవారికి ఇది చిన్న సంగతేం కాదు.

రంగును బట్టి గుణం

మెకానికల్‌ కీబోర్డుల దుకాణానికి వెళితే ముందు వినిపించేవి రంగుల పేర్లు. 'రెడ్‌ కావాలా, బ్లూ కావాలా, బ్రౌన్‌ కావాలా?' అంటారు. అడుగుతున్నది కీబోర్డు రంగు గురించి కాదు, లోపలి కాడ రంగు గురించి. చెర్రీ అనే కంపెనీ తన స్విచ్చిలకు పెట్టుకున్న ఈ గుర్తులనే తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది అనుసరిస్తున్నారు.

ఎరుపు రకం నొక్కితే వెన్నలోకి వేలు దిగినట్టు సాఫీగా పోతుంది. మధ్యలో ఏ అడ్డూ తగలదు, టిక్కు శబ్దమూ రాదు. నొక్కడానికి సుమారు 45 గ్రాముల బలం చాలు. ఆటలాడేవారికి ఇష్టమైంది ఇదే.

నీలం రకం దీనికి పూర్తిగా వ్యతిరేకం. సగందాకా వెళ్లేసరికి వేలికి ఓ చిన్న గతుకు తగులుతుంది, దాంతోపాటు టిక్కుమంటుంది. బాల్‌పెన్ను వెనక మీట నొక్కినట్టు! అక్షరం పడిందన్న సంగతి కళ్లకంటే ముందు వేలికీ చెవికీ తెలిసిపోతుంది. బలం 60 గ్రాములదాకా కావాలి. టైపింగు బాగా వచ్చినవారు దీన్ని ఇష్టపడతారు... పక్కన కూర్చున్నవారు మాత్రం పడరు.

గోధుమరంగు ఈ రెంటికీ మధ్య. గతుకు తగులుతుంది, టిక్కుమనదు. కాసేపు ఆట, కాసేపు ఆఫీసు పని చేసేవారికి సరిపోతుంది.

టైపురైటరు వారసత్వం

కీబోర్డు కథ కంప్యూటరుకన్నా చాలా పాతది. అమెరికాలో క్రిస్టఫర్‌ షోల్స్‌ బృందం రూపొందించిన టైపురైటరును రెమింగ్టన్‌ కంపెనీ 1874లో మార్కెట్లోకి తెచ్చింది. ఇవాళ్టికీ మన వేళ్లకింద ఉన్న 'క్వర్టీ' వరస అక్కణ్నుంచి వచ్చిందే. మన దేశంలో 1955లో గోద్రెజ్‌ సొంతంగా టైపురైటర్లు తయారుచేయడం మొదలుపెట్టింది. ఊరికో టైపు ఇన్‌స్టిట్యూటు, లోయరూ హయ్యరూ పరీక్షలూ, పొద్దున్నే ఆరింటి బ్యాచ్‌లూ... ఓ తరమంతా ఆ చప్పుడు మధ్యే ఉద్యోగాలకు సిద్ధమైంది. 2009లో గోద్రెజ్‌ టైపురైటర్ల తయారీ ఆపేసింది.

తొలితరం కంప్యూటరు కీబోర్డులు ఆ టైపురైటరును మరిపించేలా ఉండాలనే తయారయ్యాయి. వాటిల్లో మకుటంలేని మహారాజు ఐబీఎం 1985లో తెచ్చిన 'మోడల్‌ ఎం'. రెండు కిలోలకు పైగా బరువు. ప్రతి మీట కిందా ఓ స్ప్రింగు. నొక్కినప్పుడు అది ఒక్కసారిగా పక్కకు వంగి ఠక్కుమంటుంది. నలభై ఏళ్లనాటి ఆ కీబోర్డులు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వాటికోసం వెతుక్కుని మరీ కొనేవాళ్లున్నారు. యూనికాంప్‌ అనే అమెరికా కంపెనీ ఆ నమూనానే ఇంకా తయారుచేస్తోంది కూడా.

తమాషా ఏంటంటే... ఇంత పేరున్న మోడల్‌ ఎం స్ప్రింగు కింద ఉన్నది మెంబ్రేన్‌ పొరే! అంటే మెంబ్రేన్‌ అన్న మాట వినగానే నాసిరకం అనుకోవడానికి లేదు. చౌకబారుతనమంతా ఆ పొరలో కంటే దానిమీద పెట్టే రబ్బరులోనూ, పల్చటి ప్లాస్టిక్‌లోనూ ఉంటుంది.

1980ల్లోనే చెర్రీ కంపెనీ 'ఎంఎక్స్‌' స్విచ్చిలు తెచ్చింది. తర్వాత్తర్వాత కంప్యూటర్లు చౌకైపోవడంతో కీబోర్డు ఖర్చూ తగ్గించాలని అంతా రబ్బరుబాట పట్టారు. అయినా మన దేశంలో మెకానికల్‌ చప్పుడు పూర్తిగా ఆగిపోలేదంటే టీవీఎస్‌ గోల్డ్‌ పుణ్యమే. చెన్నై కంపెనీ టీవీఎస్‌ ఎలక్ట్రానిక్స్‌ చెర్రీ నీలం స్విచ్చిలతో అమ్మిన ఈ కీబోర్డు ఆఫీసుల్లో, బిల్లింగ్‌ కౌంటర్లలో, డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పాతుకుపోయింది. కుర్రకారు ఇప్పుడు మెకానికల్‌ అంటూ ముచ్చటపడుతున్నది మన గుమాస్తాలు ఎప్పట్నుంచో కొడుతున్నదే! 2010లో రేజర్‌ 'బ్లాక్‌విడో' లాంటివి వచ్చాక ఆటలాడేవారి దృష్టి ఇటు మళ్లింది. చెర్రీ పేటెంటు గడువు తీరిపోయాక గేటరాన్‌, కైల్‌, ఔటెము లాంటి చైనా కంపెనీలు అదే తరహా స్విచ్చిలు చౌకగా తయారుచేయడంతో ధరలు దిగొచ్చాయి.

ఆటలో మాయమయ్యే మీట

ఆట మంచి రసపట్టులో ఉంది. ముందుకు పరిగెత్తడానికి ఒక మీట, పక్కకు తిరగడానికి ఒకటి, ఎగరడానికి ఇంకోటి... మూడూ ఒకేసారి నొక్కారు. మనిషి పరిగెత్తాడు, తిరిగాడు, ఎగరలేదు. తప్పు ఆడేవారిది కాకపోవచ్చు!

కీబోర్డు లోపల తీగలు అడ్డవీధులూ నిలువువీధుల్లా ఉంటాయి. ఒక్కో మీట ఒక్కో కూడలి. ఏ కూడలిలో కరెంటు దాటుతోందో చూసి ఏ మీట నొక్కారో చిప్పు కనిపెడుతుంది. ఒక చదరానికి మూడు మూలల్లో ఉన్న మీటలు ఒకేసారి నొక్కితే కరెంటు చుట్టుతిరిగి నాలుగో మూలనూ నొక్కినట్టు కనిపిస్తుంది. దీన్నే 'ఘోస్టింగ్‌' అంటారు... లేని మీట దెయ్యంలా ప్రత్యక్షమవడమన్నమాట. ఆ బాధ లేకుండా చాలా కీబోర్డులు అనుమానం వచ్చిన మూడో మీటను అసలు పట్టించుకోవు. మన ఆటగాడు ఎగరకపోవడానికి కారణం అదే.

దీనికి మందు డయోడు. ప్రతి మీట దగ్గరా ఒకటి పెడితే కరెంటు ఒకవైపే పోతుంది, వెనక్కి తిరగదు. పది వేళ్లతో పది మీటలు నొక్కినా పదీ పడతాయి. మెకానికల్‌ కీబోర్డులో ఎలాగూ సర్క్యూట్‌ బోర్డు ఉంటుంది కాబట్టి డయోడు పెట్టడం తేలిక. ప్లాస్టిక్‌ పొర మీద కష్టం. అందుకే గేమింగ్‌ పేరుతో అమ్మే మెంబ్రేన్‌ కీబోర్డుల్లో ఆటకు ఎక్కువగా వాడే కొన్ని మీటల వరకే తీగల దారి మార్చి సరిపెడతారు. చాలా ఆటలకు అదీ చాలు.

ఇది ఆటగాళ్ల గొడవ మాత్రమే అనుకోకండి. ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం, కేంబ్రిడ్జి పరిశోధకులు కలిసి లక్షా 68 వేలమంది టైపింగు తీరును పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. సగటు వేగం నిమిషానికి 52 మాటలు. బాగా వేగంగా కొట్టేవారిలో కనిపించిన లక్షణం ఏంటంటే... ఒక మీట మీద వేలు తీయకముందే రెండో మీట నొక్కేస్తారు. వాళ్లు కొట్టేవాటిలో నూటికి 40 నుంచి 70 దాకా అలాంటివే! అంటే వేగం పెరిగేకొద్దీ కీబోర్డు ఒకేసారి ఎన్ని మీటల్ని గుర్తిస్తుందన్నది టైపిస్టుకూ ముఖ్యమే.

ఇక వేగం మాట. మామూలు కీబోర్డు సెకనుకు 125 సార్లు కంప్యూటరుకు కబురు చెబుతుంది. గేమింగ్‌ కీబోర్డు వెయ్యిసార్లు చెబుతుంది. అంటే ఎనిమిది మిల్లీసెకన్లకు బదులు ఒకటి. కంటికి కనిపించింది చూసి వేలు కదపడానికే మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి సరదాగా ఆడేవారు ఈ లెక్కలు చూసి డబ్బులు పోయనక్కర్లేదు. పోటీల్లో ఆడేవారికి మాత్రం వెంట్రుకవాసి తేడా కూడా లెక్కే.

వాళ్లకోసం ఇప్పుడు అయస్కాంతం మీటలూ వచ్చాయి. 1879లో ఎడ్విన్‌ హాల్‌ కనిపెట్టిన సూత్రం ఆధారంగా పనిచేస్తాయివి. కాడలో ఓ అయస్కాంతం, అడుగున దాన్ని పసిగట్టే సెన్సరు. లోహం లోహాన్ని తాకే పనే లేదు. మీట ఎంత లోతుకు దిగితే పనిచేయాలో మనమే నిర్ణయించుకోవచ్చు. వేలు కాస్త పైకి లేచిందంటే చాలు, మీట వదిలేసినట్టే లెక్క. నెదర్లాండ్స్‌ కంపెనీ వూటింగ్‌ ఈ రకానికి పేరు తెచ్చింది. 2024 జులైలో రేజర్‌ ఇంకో అడుగు ముందుకేసి, ఎడమ కుడి మీటలు రెండూ నొక్కి ఉన్నప్పుడు చివర నొక్కినదాన్నే లెక్కలోకి తీసుకునే సదుపాయం ఇచ్చింది. నేర్పుతో చేయాల్సిన పని కీబోర్డే చేసేస్తే ఎలా అని గోల మొదలైంది. ఆగస్టులో 'కౌంటర్‌ స్ట్రైక్‌ 2' తయారీసంస్థ వాల్వ్‌ ఇలాంటివాటిని తన అధికారిక సర్వర్ల మీద నిషేధించింది. వాడితే మ్యాచ్‌లోంచి గెంటేయడమే!

'స్త్రీ'కి ఆరు మీటలు

తెలుగు టైపు చేసేవారి కష్టం ఇంకో రకం. ఇంగ్లిషులో ఒక అక్షరానికి ఒక మీట. మనకు గుణింతాలూ ఒత్తులూ ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్‌ పద్ధతిలో 'స్త్రీ' అని కొట్టాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం... మొత్తం ఆరు మీటలు. కంటికి కనిపించేది ఒకే అక్షరం. ప్రతి ఒత్తుకూ ఎడమచేతి నడిమివేలు పొల్లు మీట మీదికి పోవాల్సిందే. దినమంతా టైపు చేస్తే ఆ ఒక్క మీట ఎంత అరగాలి!

ఓ లెక్క వేసి చూద్దాం. డీటీపీ ఆపరేటరు రోజుకు 40 వేల మీటలు నొక్కుతారనుకుందాం. అందులో బాగా వాడే మీట వాటా నూటికి ఎనిమిది అనుకుంటే రోజుకు 3,200 సార్లు. ఏడాదికి 300 పనిదినాలకు 9 లక్షల 60 వేలు. మామూలు మెంబ్రేన్‌ మీట ఆయుష్షు 50 లక్షల నుంచి కోటి నొక్కులని తయారీదారులు చెబుతుంటారు. అంటే ఐదేళ్లు దాటేసరికి ఆ మీట గడువు దగ్గరపడుతుంది. మెకానికల్‌ స్విచ్చికి చెప్పే ఆయుష్షు ఐదు కోట్ల నుంచి పదికోట్లు. అదే చేతికింద యాభై ఏళ్లు దాటుతుంది!

ఇదే లెక్కను ఇంట్లో వాడకానికి వేస్తే ఫలితం తలకిందులవుతుంది. రోజుకు నాలుగువేల మీటలు నొక్కే విద్యార్థికి మెంబ్రేన్‌ మీటే యాభై ఏళ్లు రావాలి. ఆలోపు రబ్బరు గట్టిపడటమో, అక్షరాలు చెరిగిపోవడమో జరిగి కీబోర్డు మార్చేస్తాం తప్ప, నొక్కీ నొక్కీ అరగగొట్టలేం. మన్నిక కోసమే అయితే అలాంటివారికి మెకానికల్‌ అక్కర్లేదు.

ఇంకో అపోహ కూడా ఉంది. మెకానికల్‌ కొంటే మణికట్టు నొప్పి పోతుందని కొందరి నమ్మకం. నొప్పికి ఎక్కువ కారణాలు కూర్చునే తీరు, బల్ల ఎత్తు, విరామం లేకుండా కొట్టడం. పైగా మెకానికల్‌ కీబోర్డు సాధారణంగా ఎత్తుగా ఉంటుంది. మణికట్టు పైకి వంచి కొడితే ఉన్న నొప్పి ఎక్కువయ్యే ప్రమాదమూ ఉంది. ముందు కుర్చీ, బల్ల సరిచేసుకోవాలి. ఆ తర్వాతే కీబోర్డు.

చప్పుడూ... చాయ్‌

రెండు గదుల ఇంట్లో పిల్లలు పడుకున్నాక నీలం మీటల మీద పనిచేస్తే ఇంట్లోవారు ఊరుకోరు. రాత్రిపూట వాడేవారికి ఎరుపో, గోధుమరంగో, కాదంటే శుభ్రంగా మెంబ్రేనో నయం. ఆ విషయంలో రబ్బరును మించింది లేదు.

టీ ఒలికినప్పుడు కూడా మెంబ్రేన్‌దే కాస్త పైచేయి. పొరల మీద రబ్బరు షీటు కప్పి ఉంటుంది కాబట్టి తడి వెంటనే లోపలికి దిగదు. కొన్నింటికి నీళ్లు జారిపోయేందుకు అడుగున రంధ్రాలూ ఉంటాయి. మెకానికల్‌లో తడి నేరుగా స్విచ్చిలోకి దిగుతుంది. చక్కెర టీ అయితే మీట జిగురుపట్టి పైకి లేవదు. కాకపోతే పోయేది ఆ ఒకట్రెండు స్విచ్చిలే. 'హాట్‌ స్వాప్‌' రకమైతే వాటిని చేత్తో పీకి కొత్తవి గుచ్చుకోవచ్చు, సోల్డరింగ్‌ అక్కర్లేదు. మెంబ్రేన్‌లో పొర మీద ఒక్క గీత తెగితే ఒక వరస మీటలన్నీ పోతాయి. బాగుచేయించే ఖర్చుకు కొత్తదే వస్తుంది.

దుమ్ము సంగతికొస్తే ఆపిల్‌ అనుభవం చాలు. ల్యాప్‌టాప్‌ను ఇంకా పల్చగా చేయాలని 2015లో సీతాకోకచిలుక రెక్కల్లాంటి కొత్తరకం మీటలు తెచ్చింది. చిన్న నలుసు దూరినా మీట పనిచేయడం లేదని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 2019లో మళ్లీ కత్తెర మీటలకే తిరిగొచ్చింది. 2022లో కోర్టు దావా పరిష్కారానికి ఐదు కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.

పేరు చూసి మోసపోవద్దు

మార్కెట్లో 'మెకానికల్‌ ఫీల్‌', 'సెమీ మెకానికల్‌' అని రాసి వెయ్యి రూపాయలలోపు అమ్ముతుంటారు. రంగురంగుల దీపాలూ వెలుగుతుంటాయి. వాటిల్లో చాలావరకు లోపలున్నది రబ్బరు బుడిపెలే. కనుక్కోవడం చాలా తేలిక. ఒక మీట టోపీని మెల్లగా పైకి పీకమనండి. కింద విడిగా ఓ చదరపు స్విచ్చీ, దాని మధ్యలో సాధారణంగా కూడిక గుర్తు ఆకారంలో కాడా కనిపిస్తే మెకానికల్‌. గొట్టంలాంటి రంధ్రమూ, దాని అడుగున రబ్బరూ కనిపిస్తే మెంబ్రేన్‌. రబ్బరుదైనంత మాత్రాన పనికిరాదని కాదు. రబ్బరుకు స్ప్రింగు ధర ఇవ్వొద్దనే!

ఎవరికి ఏది?

* ఇంట్లో అప్పుడప్పుడు వాడకం, పిల్లల చదువు, ఆన్‌లైన్‌ దరఖాస్తులు: మంచి కంపెనీ మెంబ్రేన్‌ చాలు. మిగిలిన డబ్బుతో ఓ మంచి కుర్చీ కొనుక్కోండి.

* రోజుకు ఆరేడు గంటలు టైపింగు: మెకానికల్‌ మీద పెట్టిన డబ్బు వృథా పోదు. ఒక్కరే కూర్చునే గదైతే నీలం, నలుగురి మధ్యైతే గోధుమరంగు.

* టైపింగు పరీక్షకు సిద్ధమయ్యేవారు: పరీక్ష కేంద్రంలో ఏ రకం ఇస్తారో వాకబు చేసి అలాంటిదాని మీదే సాధన చేయాలి. ఇంట్లో మెత్తని మీటలకు అలవాటుపడి అక్కడ గట్టి మీటలు ఎదురైతే వేళ్లు తడబడతాయి.

* సరదా ఆటలు: కొన్ని మీటలకైనా ఘోస్టింగ్‌ బెడద లేని మెంబ్రేన్‌, లేదా రెండు వేల రూపాయల అటూఇటూగా దొరికే ఎరుపు మెకానికల్‌.

* పోటీల్లో ఆడేవారు: మంచి మెకానికల్‌ లేదా అయస్కాంతం రకం. ఏ సదుపాయాన్ని ఏ ఆటలో నిషేధించారో ముందే తెలుసుకోవాలి.

కొనేముందు ఓ చిన్న పరీక్ష

దుకాణంలో కీబోర్డును కంప్యూటరుకు తగిలించమని నోట్‌ప్యాడ్‌ తెరవండి. రెండువైపులా ఉన్న షిఫ్ట్‌ మీటలు రెంటినీ నొక్కిపట్టి, ఇంకొకరిని 'ఎ' నుంచి 'జడ్‌' దాకా వరసగా ఒక్కో అక్షరమే కొట్టమనండి. అన్నీ పడితే సరే. కొన్ని మాయమైతే ఆ కీబోర్డు మూడు మీటలకే చేతులెత్తేస్తోందన్నమాట. తర్వాత ఓ పేరా మొత్తం టైపు చేయండి. స్పేస్‌బారును ఆ చివరా ఈ చివరా నొక్కి చూడండి... రెండుచోట్లా ఒకేలా దిగాలి. మీటల మీద అక్షరాలు పైపైన అచ్చేసినవా, ప్లాస్టిక్‌లోనే పోతపోసినవా అడగండి. పోతపోసినవైతే చెరిగిపోవు. తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించుకునేవారైతే మీట పైభాగం మరీ గుంటగా లేకుండా చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, పెట్టె మీది బొమ్మ చూసి కొనకుండా పది నిమిషాలు మీ వేళ్లతో కొట్టి చూడటం. రేపట్నుంచి దానిమీద పనిచేయాల్సింది అవే కదా!